రూపాయికి కాణీ, డాలరుకు అర సెంటు



ఈమధ్య మన సంఘంలో ఎవరింటికి వెళ్లినా ఒక కొడుకో కూతురో కాలిఫోర్నియాలో ఉన్నారన్న మాట వినిపిస్తోంది. ఫ్రీమాంట్, మిల్పిటాస్, శాన్ హోసే అనే పేర్లు మనకు హోసూరు, కోలారు అన్నంత అలవాటైపోయాయి. ఆర్నెల్లు ఉండి వచ్చిన పెద్దవాళ్లు చెప్పే విశేషాల్లో ఒకటి తప్పకుండా ఉంటుంది: ఏ వస్తువు కొన్నా బిల్లు కింద తొమ్మిది శాతం పైన సేల్స్ టాక్స్ పడుతుందని. కూరగాయలకూ బియ్యానికీ లేదు గానీ మిగతా వాటన్నిటికీ ఉందని.

ఆ తొమ్మిది శాతంలో కొంత ముక్క ఏ మంత్రీ, ఏ కలెక్టరూ వేసింది కాదు. అక్కడి జనం ఎన్నికల రోజున బ్యాలెట్ పేపరు మీద ఒక ప్రశ్న చదివి, "సరే, మా మీద ఈ పన్ను వేయండి, ఆ డబ్బుతో రైలు వేయండి" అని ఓటు వేసి ఒప్పుకున్నది. అభ్యర్థి పేరు పక్కన గుర్తు చూసి ఓటు వేయడమే మనకు తెలుసు. వంతెనకూ రైలుకూ రోడ్డుకూ ఓటు వేయడం మన అనుభవంలో లేదు. దీన్ని అక్కడ బ్యాలెట్ మెజర్ అంటారు. దాని చరిత్ర మన సభ్యులు తెలుసుకోవాల్సిందని ఈ వ్యాసం రాస్తున్నాం. అమెరికాను పొగడడానికి కాదు, ఆ పద్ధతిలో లోపాలూ చాలా ఉన్నాయి. పదిమందికి పనికొచ్చే పనికి పదిమంది దగ్గర డబ్బు తీసుకునేటప్పుడు ఏం చెప్పి తీసుకోవాలి, తీసుకున్నాక ఎవరికి లెక్క చెప్పాలి అన్న ప్రశ్న మనదీ కాబట్టి.

ముందు మన ఇళ్ల దగ్గరి నుంచి మొదలుపెడదాం. నూటపాతికేళ్ల కిందట మనం స్థిరపడ్డ ప్రాంతాలకు రైలు ఎలా వచ్చింది?

షోలాపూర్ జిల్లాలో బార్షీకి ఒక కంపెనీ తెచ్చింది. ఎవరార్డ్ కాల్‌త్రాప్ అనే ఇంజనీరు పట్టుబట్టి పెట్టించిన బార్షీ లైట్ రైల్వే 1897లో నడవడం మొదలుపెట్టింది. చిన్న పట్టాలు, చిన్న ఇంజన్లు. వాటాదారులకు లాభం కనిపించిన చోటికి అది సాగింది. పండరిపురం వెళ్లే యాత్రికులూ లాతూరు పత్తీ దానికి ఆదాయం.

పర్లాకిమిడికి ఒక రాజు తెచ్చాడు. నౌపడా నుంచి పర్లాకిమిడి దాకా చిన్న రైలుమార్గాన్ని గజపతి వంశపు రాజా తన సంస్థానం డబ్బుతో వేయించాడు. 1900లో అది మొదలైంది. 1936లో ఒడిశా రాష్ట్రం ఏర్పడ్డాక ఆ రైలు ఒక కొస మద్రాసు ప్రెసిడెన్సీలో, ఇంకో కొస ఒడిశాలో మిగిలింది. అటూ ఇటూ ఉన్నది మనవాళ్లే. రాజు మంచివాడైతే రైలు వచ్చింది. ఆయనకు వేరే దాని మీద మనసైతే వచ్చేది కాదు. అడిగే దారి ఎవరికీ లేదు.

తంజావూరుకు జిల్లా బోర్డు తెచ్చింది. మన కథకు ఇది ముఖ్యం. నాయక రాజుల కాలం నుంచి మనవాళ్లు ఉన్న ఆ డెల్టాలో, భూమి మీద రూపాయికి 3 పైల చొప్పున రైల్వే సెస్సు వసూలు చేశారు. 3 పైలంటే పావు అణా. మన పెద్దల లెక్కలో కాణీ, రూపాయిలో 64వ వంతు. అలా పోగైన డబ్బు ఆధారంగా మాయవరం నుంచి ముత్తుపేట దాకా 54 మైళ్ల లైను వేసి 1894 ఏప్రిల్‌లో తెరిచారు. రైళ్లు నడిపింది సౌత్ ఇండియన్ రైల్వే, సొంతదారు జిల్లా బోర్డు. ఆ దారి చూసి తర్వాత మరికొన్ని జిల్లా బోర్డులు ముందుకొచ్చాయి. కోయంబత్తూరు బోర్డు పోదనూరు–పొళ్లాచ్చి లైను (1915), తిరునెల్వేలి బోర్డు తిరుచెందూరు లైను (1923), ఇటు తెలుగు జిల్లాల్లో కృష్ణా బోర్డు బెజవాడ–మచిలీపట్నం లైను (1908), గుంటూరు బోర్డు తెనాలి–రేపల్లె లైను (1916) ఈ కోవలోవే.

ఈ రైళ్లలో మన తాతలు ఎక్కారు, వాళ్ల ధాన్యమూ పత్తీ ఎక్కాయి. డబ్బూ వాళ్లదే. కానీ వాళ్లను ఎవరూ అడగలేదు. తంజావూరులో ఆ లైను పడిన కాలానికి జిల్లా బోర్డుకు అధ్యక్షుడు కలెక్టరే. సభ్యుల్లో ఎక్కువమంది పెద్ద భూస్వాములు, అధికారులు. కాణీ ఇచ్చిన రైతుకు లైను ఏ ఊరి మీదుగా వెళ్లాలో చెప్పే అధికారం లేదు.

మైసూరు సంస్థానంలో ఇంకో రకం. దివాన్ రంగాచార్లు 1881లో ప్రజాప్రతినిధి సభ పెట్టాడు. తాలూకాల నుంచి వచ్చిన ప్రతినిధులు దసరా రోజుల్లో మైసూరులో కూర్చుని రోడ్డు లేదనీ చెరువు తెగిందనీ విన్నవించుకునేవాళ్లు. దేశంలో అలాంటి సభ అదే మొదటిది. అయితే అక్కడ అడగడం ఉంది గానీ నిర్ణయించడం లేదు. పన్ను మీద ఆ సభ చేతిలో ఓటు లేదు.

కంపెనీ లాభానికి వేసింది, రాజు దయతో వేశాడు, బోర్డు వసూలు చేసి వేసింది, దివాను విని చూస్తామన్నాడు. జనాన్ని నేరుగా అడిగి, వాళ్లు సరేనంటేనే మొదలుపెట్టే పద్ధతి ఒక్కటీ మన దగ్గర లేకపోయింది. అది ఎలా ఉంటుందో చూడాలంటే మన పిల్లలున్న శాన్ ఫ్రాన్సిస్కో తీరానికే వెళ్లాలి.

అక్కడి గోల్డెన్ గేట్ వంతెన ఫోటో మనలో చాలామంది ఇళ్లలో ఉంది. ఆ ఎర్ర వంతెన ముందు నిలబడి తీయించుకోని తల్లిదండ్రులు తక్కువ. అది వచ్చేదాకా శాన్ ఫ్రాన్సిస్కో నుంచి ఉత్తరం ఒడ్డుకు ఫెర్రీ మీదే దాటాలి. యానాం సభ్యులకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. ఎదుర్లంక వంతెన రాకముందు గౌతమి ఒడ్డున పంటు కోసం ఎంతెంతసేపు కాచుకున్నామో మనకు తెలుసు.

ఆ వంతెనకు కేంద్రం డబ్బివ్వలేదు, రాష్ట్రమూ ఇవ్వలేదు. 1923లో కాలిఫోర్నియా శాసనసభ ఒక చట్టం చేసింది: కావాలనుకున్న కౌంటీలు, అంటే మన జిల్లాల్లాంటివి, కలిసి ఒక ప్రత్యేక డిస్ట్రిక్టుగా ఏర్పడి అప్పు తెచ్చుకోవచ్చని. డిస్ట్రిక్టు ఏర్పడడానికే 1928 డిసెంబరు దాకా పట్టింది. అడ్డుపడ్డవాళ్లు రెండు రకాలు. ఫెర్రీ వ్యాపారం పోతుందని రైల్వే కంపెనీ తాలూకు ఫెర్రీలవాళ్లు. వంతెనకు దూరంగా ఉన్న మా భూములు ఎందుకు పూచీ పడాలని ఉత్తరాది కలప కంపెనీలూ భూస్వాములూ. రెండో ప్రశ్న న్యాయమైనదే. కొన్ని కౌంటీలు అందుకే తప్పుకున్నాయి.

1930 నవంబరు 4న ఓటింగు. 3.5 కోట్ల డాలర్ల బాండ్లకు మీ ఇళ్లూ పొలాలూ దుకాణాలూ పూచీ పెడతారా అన్నది ప్రశ్న. స్టాక్ మార్కెట్టు కూలి ఏడాది దాటింది, ఉద్యోగాలు పోతున్నాయి. అలాంటి రోజుల్లో 1,45,057 మంది సరేనన్నారు, 46,954 మంది వద్దన్నారు. వంతెన మీద టోలు సరిపడా వసూలు కాకపోతే ఆ లోటు తమ ఇళ్ల పన్నులోకి వస్తుందని తెలిసే ఓటు వేశారు.

ఓటు గెలిస్తే డబ్బు వచ్చేసినట్టు కాదు. మాంద్యంలో బాండ్లు కొనేవాళ్లు లేరు, కోర్టు కేసులు తేలలేదు. చివరికి బ్యాంక్ ఆఫ్ అమెరికా అధిపతి జియానీనీ బాండ్లు కొనడానికి ముందుకొచ్చాకే కదలిక వచ్చింది. 1933 జనవరిలో పని మొదలు, 1937 మే 27న వంతెన తెరిచారు. కట్టేటప్పుడు 11 మంది కార్మికులు చనిపోయారు. కింద కట్టిన వల మరో 19 మందిని కాపాడింది. చివరి బాండు 1971లో తీరింది. 3.5 కోట్ల అసలుకు తోడు దాదాపు 3.9 కోట్ల డాలర్ల వడ్డీ కట్టారు, అంతా టోలు డబ్బు నుంచే. అసలు కన్నా వడ్డీ ఎక్కువైంది. చీటీలు వేసి, అప్పులు తీర్చి బతికిన మనకు ఆ లెక్కలోని బరువు అర్థమవుతుంది.

తర్వాతి తరం రైలు అడిగింది. ఇప్పుడు మన పిల్లలు ఆఫీసులకు ఎక్కే బార్ట్ రైలు అదే. 1957లో ఐదు కౌంటీలతో డిస్ట్రిక్టు పెట్టారు: శాన్ ఫ్రాన్సిస్కో, అలమీడా, కాంట్రా కోస్టా, శాన్ మటేయో, మరిన్. శాంటా క్లారా, అంటే శాన్ హోసే ఉన్న కౌంటీ, మొదట్నుంచీ అందులో లేదు. ఓటింగు దాకా రాకముందే 1961 చివర్లో శాన్ మటేయో, 1962లో మరిన్ బయటికి వెళ్లిపోయాయి. ఐదు మూడయ్యాయి.

1962 నవంబరులో ఆ మూడు కౌంటీల జనాన్ని అడిగారు: 79.2 కోట్ల డాలర్ల బాండ్లు, ఆస్తి పన్ను నుంచి తీర్చడం, ఒప్పుకుంటారా? ముందున్న నియమం ప్రకారం మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. శాసనసభ దాన్ని 60 శాతానికి తగ్గించింది. మూడు కౌంటీల ఓట్లూ కలిపి లెక్కపెడితే 61.2 శాతం. పాత నియమమే ఉండి ఉంటే బార్ట్ పుట్టేదే కాదు. ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోవాలి. జనం ఏమన్నారన్నది ఎంత ముఖ్యమో, ఎంతమంది అంటే చాలన్న గీత ఎవరు ఎక్కడ గీశారన్నదీ అంతే ముఖ్యం.

1964 జూన్‌లో అధ్యక్షుడు జాన్సన్ వచ్చి పని ప్రారంభించాడు. 1972 సెప్టెంబరులో ఫ్రీమాంట్ నుంచి ఓక్లాండ్‌లోని మెకార్థర్ స్టేషను దాకా మొదటి రైలు నడిచింది. సముద్రపు పాయ కింద నుంచి శాన్ ఫ్రాన్సిస్కోకు రైలు వెళ్లింది 1974లో. ఖర్చు 160 కోట్ల డాలర్లకు చేరింది. మధ్యలో డబ్బు చాలక 1969లో శాసనసభ ఆ మూడు కౌంటీల మీద అర సెంటు సేల్స్ టాక్సుకు అనుమతిచ్చింది. దానికి జనాన్ని అడగలేదు. అడిగి మొదలుపెట్టిన పనిని అడగకుండా పూర్తి చేయాల్సి వచ్చింది. మన ఊళ్లలో సగంలో ఆగిన కల్యాణ మండపాలను చూసినవాళ్లకు ఇది వింతేమీ కాదు.

ఇందులో మూడు ఘటనలు మనం దాటేయకూడదు.

ఒకటి, బర్కిలీ. తమ ఊళ్లో రైలు ఎత్తైన స్తంభాల మీద వెళ్తే ఊరు రెండుగా చీలిపోతుందని ఆ ఊరివాళ్లు అభ్యంతరం చెప్పారు. భూమి కింద నుంచి వేయాలంటే అదనపు ఖర్చు మీరే పెట్టుకోవాలన్నారు. 1966లో బర్కిలీ జనం ప్రత్యేకంగా ఓటు వేసి, ఆ అదనపు పన్ను తామే కట్టుకుని, లైనును కిందికి దించుకున్నారు.

రెండు, పక్కనే వెస్ట్ ఓక్లాండ్. నల్లజాతి వాళ్ల పేట అది. అక్కడి సెవెంత్ స్ట్రీట్ అంటే దుకాణాలూ సంగీత కచేరీలూ కలిసిన సందడి వీధి. బార్ట్ ఆ వీధి నెత్తిన కాంక్రీటు స్తంభాల మీద వెళ్లింది. అంతకు ముందే ఒక పెద్ద రహదారి ఆ పేటను కోసింది. ఇళ్లు పోయాయి, వ్యాపారాలు పోయాయి, వీధి తేరుకోలేదు. ఓటు హక్కు వాళ్లకూ ఉంది. కానీ బర్కిలీ లాగా తమ లైనును కిందికి దించుకునే డబ్బూ బలమూ లేవు. ఒకే ఓటింగుతో వచ్చిన రైలు ఒక ఊరికి వరమైంది, పక్క పేటకు శాపమైంది.

మూడు, ఆ సంస్థలోనే పనిచేసిన ముగ్గురు ఇంజనీర్ల కథ. రైలును తనంతట తాను నడిపే కంట్రోలు వ్యవస్థ సరిగ్గా లేదని వాళ్లు హెచ్చరించారు. 1972 మొదట్లో వాళ్లను ఉద్యోగంలోంచి తీసేశారు. అదే ఏడు అక్టోబరులో ఒక రైలు ఫ్రీమాంట్ స్టేషనులో ఆగాల్సిన చోట ఆగక, పట్టాల చివర దాటి మట్టిలోకి దూసుకుపోయింది. కొందరికి దెబ్బలు తగిలాయి. ఆ ముగ్గురి తరఫున ఇంజనీర్ల సంఘం కోర్టులో వాదన వినిపించింది. ఓటు వేసి డబ్బిచ్చాక ఇక మన పని అయిపోయిందని కూర్చుంటే, లోపల తప్పు చెప్పేవాడి నోరు మూయించడం ఎంత సులువో ఇది చూపిస్తుంది.

1978లో కథ మలుపు తిరిగింది. ఇళ్ల ధరలతోపాటు ఆస్తి పన్ను పెరిగిపోయి, రిటైరైన ముసలివాళ్లు సొంత ఇంటి పన్ను కట్టలేని పరిస్థితి. హోవార్డ్ జార్విస్, పాల్ గాన్ అనే ఇద్దరు సంతకాలు సేకరించి ప్రాపొజిషన్ 13 అనే ప్రశ్నను బ్యాలెట్ ఎక్కించారు. ఆస్తి పన్ను విలువలో ఒక శాతం దాటకూడదు, ఆ విలువను ఏటా 2 శాతం మించి పెంచకూడదు, ప్రత్యేక పన్ను ఏది వేయాలన్నా మూడింట రెండు వంతుల ఓట్లు కావాలి. జనం గెలిపించారు. ఒక్క ఏడాదిలో ఆస్తి పన్ను రాబడి సగానికి పైగా పడిపోయింది. వంతెన కట్టింది ఓటే, రైలు తెచ్చింది ఓటే, ఇప్పుడు పైసలు వచ్చే దారి మూసిందీ ఓటే. ఓటును మంత్రదండం అనుకునేవాళ్లు ఇక్కడ కాస్త ఆగి ఆలోచించాలి.

అప్పటి నుంచి కౌంటీలు సేల్స్ టాక్స్ వైపు తిరిగాయి. ఆ దారిలో అందరికన్నా ముందు నడిచింది మన పిల్లలు ఎక్కువగా ఉన్న శాంటా క్లారా కౌంటీయే. 1984లో అక్కడి జనం రహదారుల కోసం పదేళ్ల గడువుతో అర సెంటు పన్నుకు ఓటు వేశారు. ఏ రహదారులు, ఎన్నేళ్లు అన్నది ముందే రాసి ఇచ్చారు. కాలిఫోర్నియాలో మరెన్నో కౌంటీలు ఆ నమూనాను తీసుకున్నాయి. 1992లో మళ్లీ అడిగితే సగానికి పైగా సరేనన్నారు. కానీ మూడింట రెండు వంతులు రాలేదు. రాష్ట్ర సుప్రీంకోర్టు 1995లో ఆ పన్నును కొట్టేసింది. సగానికి పైగా ఒప్పుకున్నా పని జరగకపోవడం న్యాయమా అని అక్కడ ఇప్పటికీ వాదించుకుంటున్నారు. పన్ను అనేది అందరి జేబులోంచి వచ్చేది కాబట్టి ఎక్కువమంది ఒప్పుకోవాల్సిందే అనేవాళ్లూ ఉన్నారు. రెండు వైపులా పస ఉంది.

2000లో శాంటా క్లారా జనం పెద్ద నిర్ణయం తీసుకున్నారు. 1957లో తాము లేని బార్ట్‌ను శాన్ హోసే దాకా తెచ్చుకోవడానికి, 2006 నుంచి 30 ఏళ్లపాటు అర సెంటు పన్నుకు 70 శాతం పైగా సరేనన్నారు. ఆ ఓటు పడిన ఏడాదే సాఫ్ట్‌వేర్ కంపెనీల బుడగ పగిలింది. అప్పట్లో ఉద్యోగాలు పోయి తిరిగొచ్చిన మన కుర్రాళ్లు కొందరికి గుర్తుండే ఉంటుంది. కొనుగోళ్లు తగ్గితే సేల్స్ టాక్స్ తగ్గుతుంది, అనుకున్న రాబడి రాలేదు. 2008లో రైలు నడిపే ఖర్చుకని డాలరుకు సెంటులో ఎనిమిదో వంతు అడిగారు. మూడింట రెండు వంతుల గీతను అది వెంట్రుకవాసిలో దాటింది. 2016లో మరో 30 ఏళ్లకు మరో అర సెంటు, 630 కోట్ల డాలర్ల అంచనాతో అడిగితే దాదాపు 72 శాతం మంది ఒప్పుకున్నారు. దాని మీద కోర్టులో దావా పడి, తేలేదాకా దాదాపు రెండేళ్లు వసూలైన డబ్బును ముట్టకుండా పక్కన పెట్టాల్సి వచ్చింది.

2020 జూన్ 13న మిల్పిటాస్, బెర్రియెసా స్టేషన్లు తెరిచారు. ఓటు వేసిన 20 ఏళ్లకు రైలు శాన్ హోసే ఉత్తరపు అంచుకు చేరింది. ఊరి నడిబొడ్డు దాకా వెళ్లే సొరంగ మార్గం ఇంకా మిగిలే ఉంది. దాని ఒక్కదాని అంచనాయే 1,200 కోట్ల డాలర్లు దాటింది. 1962లో ఓటు వేసిన మూడు కౌంటీలకు మొత్తం రైలు 160 కోట్లకు వచ్చింది. డాలరు విలువ పడిపోయిందనుకున్నా, ఆ రోజు కలవకుండా ఉండిపోయిన దానికి ఇంత ఖరీదు కట్టాల్సి వస్తోంది. బయటికి వెళ్లిపోయిన శాన్ మటేయో కూడా తర్వాత డబ్బు కట్టే రైలును తన వైపు తెచ్చుకుంది. విమానాశ్రయం దాకా అది వచ్చింది 2003లో.

ఈ కథలో మనవాళ్ల చోటు ఎక్కడ? కౌంటీ ఓటింగులో ఓటు పౌరసత్వం ఉన్నవాళ్లకే. వీసా మీద ఉన్నవాళ్లు, గ్రీన్‌కార్డు కోసం ఏళ్ల తరబడి వరుసలో ఉన్న మన పిల్లలు, కొన్న ప్రతి వస్తువు మీదా ఆ అర సెంట్లు కడతారు. రైలూ ఎక్కుతారు. రైలు ఎటు వెళ్లాలన్న ప్రశ్న వచ్చినప్పుడు మాత్రం వాళ్లకు బ్యాలెట్ రాదు. తంజావూరులో కాణీ కట్టిన రైతుకూ శాన్ హోసేలో అర సెంటు కట్టే ఇంజనీరుకూ ఈ ఒక్క విషయంలో తేడా లేదు. ప్రజాస్వామ్యం ఎంత ముదిరినా డబ్బు కట్టేవాళ్లందరూ నిర్ణయించేవాళ్లు కావడం లేదు.

అయినా ఒక పెద్ద తేడా ఉంది. తంజావూరు రైతుకు ఇచ్చిన కాణీ ఎటు పోయిందో అడగడానికి చేతిలో కాగితం లేదు. శాంటా క్లారాలో ఉంది. 2000 నాటి ఓటింగు ప్రశ్నలోనే ఏ పనులు చేస్తారో జాబితా ఉంది, పన్ను ఎప్పుడు ఆగిపోతుందో గడువు ఉంది, లెక్కలు చూసే పౌరుల కమిటీ ఉంది. రైలు ఆలస్యమైంది నిజమే. ఖర్చు పెరిగిందీ నిజమే. కానీ ఆలస్యమైందని ఎవరైనా నిలదీయగలుగుతున్నారంటే, ఫలానా పని చేస్తామని ముందే రాసి సంతకం చేశారు కాబట్టి. మాట ఇవ్వని చోట మాట తప్పడమూ ఉండదు.

ఇక మన సంగతి. మన దేశంలో పన్ను మీద జనం నేరుగా ఓటు వేసే పద్ధతి లేదు. 1992 నాటి 73, 74వ రాజ్యాంగ సవరణల తర్వాత పల్లెల్లో గ్రామసభలకు, పెద్ద పట్టణాల్లో వార్డు కమిటీలకు చోటు దొరికింది. తమిళనాడులో జనవరి 26, మే 1, ఆగస్టు 15, అక్టోబరు 2న గ్రామసభలు జరుగుతాయి. మనలో ఎంతమంది వెళ్తున్నాం? వెళ్లినా తెలుగు బడి గురించి, మన కుల ధ్రువపత్రాల గురించి అడిగి వచ్చేస్తున్నాం. అవి అడగాల్సినవే, మానమని చెప్పడం లేదు. వాటితోపాటు ఊరి కాలవ, ఊరి రోడ్డు, ఊరి బస్సు గురించి కూడా మాట్లాడితే, పక్కింటి తమిళుడూ కన్నడిగుడూ మరాఠీవాడూ ఒడియావాడూ మన పక్కన నిలబడతారు. తరాలుగా ఉన్న ఊళ్లో మనం ఇంకా వచ్చినవాళ్లమన్నట్టు వెనక వరసలో కూర్చుంటే, వెస్ట్ ఓక్లాండ్ నెత్తిన స్తంభాలు ఎందుకు పడ్డాయో గుర్తు తెచ్చుకోవాలి. గట్టిగా మాట్లాడేవాళ్ల వీధి కిందికి దిగుతుంది, మాట సాగనివాళ్ల వీధి మీదికే కాంక్రీటు వస్తుంది.

ఇంకో మాట మనలో మనకు. సంఘ భవనానికో, విద్యార్థి హాస్టలుకో, శ్మశానం ప్రహరీకో చందా అడిగినప్పుడల్లా పెద్దలు "మనవాళ్ల కోసమే కదా, ఇవ్వండి" అంటారు. సభ్యులు మొహమాటానికి ఇస్తారు. రెండేళ్లకు పని ఎక్కడుందో ఇచ్చినవాళ్లకు తెలియదు, అడిగితే తప్పుపట్టినట్టు అవుతుందని అడగరు. అడగలేక తర్వాతి చందాకు ముఖం చాటేస్తారు. సంఘాలు చీలిపోయేది డబ్బు లేక కాదు, ఇచ్చిన డబ్బు గురించి మాట లేక.

అందుకని వచ్చే సర్వసభ్య సమావేశానికి ఒక తీర్మానం పెడదామని మేము అనుకుంటున్నాం. ఇకపై ఏ నిధి వసూలు చేసినా ముందు సభ్యుల ఓటు అడగాలి. అడిగే కాగితంలో నాలుగు విషయాలు ఉండాలి: డబ్బుతో ఏ పని చేస్తామో జాబితా, ఏ తేదీకి వసూలు ఆపుతామో గడువు, కార్యవర్గంలో లేనివాళ్లతో లెక్కలు చూసే కమిటీ, ఎంతమంది ఒప్పుకుంటే చాలన్న గీత. ఆ గీత సగమా, మూడింట రెండు వంతులా అన్నది సభలోనే తేల్చుకుందాం. అద్దె ఇళ్లలో ఉండి చందా పూర్తిగా కట్టలేని సభ్యులకూ, పెళ్లయి వేరే ఊరు వెళ్లినా పుట్టింటి సంఘానికి ఇస్తున్న ఆడపడుచులకూ ఓటు ఉండాలా అన్నదీ అక్కడే మాట్లాడాలి. డబ్బు తీసుకునేటప్పుడు మనవాళ్లు, ఓటు దగ్గరికి వచ్చేసరికి పరాయివాళ్లు అనడం మనకు తగదు.

మన తాతలు కాణీ ఇచ్చారు, రైలు వచ్చింది. వాళ్లను ఎవరూ అడగలేదు కాబట్టి ఆ రైలు తమ డబ్బుతో వచ్చిందన్న సంగతి మనలో చాలామందికి తెలియకుండానే పోయింది. అడిగి తీసుకున్న డబ్బుకు జ్ఞాపకం ఉంటుంది. తీర్మానం మీద మీ అభిప్రాయం, ఒప్పుకోకపోతే ఎందుకో కూడా, కింద రాయండి. సభకు ముందే అన్నీ చదివి వస్తాం.